వంక వైపు నిప్పు

నా భార్య ఖాతూన్ బీ నా కొడుకు పెట్టిన నిప్పు వల్ల చచ్చిపోయింది. ఈ నాలుగేళ్లలో ఈ మాట నేను ఇంట్లో చెప్పాను, టీ అంగడి దగ్గర చెప్పాను, ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పల మధ్య నిలబడి చెప్పాను. ఎవరూ కాదనలేదు. నా కొడుకు రఫీక్ కూడా కాదనలేదు.

ఇప్పుడు వాడే ఆ నిప్పు రేగిన బీడును ఆనవాలు లేకుండా తీసేయడానికి జేసీబీ తెచ్చాడు.

నేను పోయి దాని ముందు గట్టు మీద కూర్చున్నాను.

డ్రైవరు ఆంజనేయులు ఇంజను ఆపి కిందికి దిగాడు. చిప్పగిరి మనిషి. తల మీద తువ్వాలు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దాయనా, లేసి పక్కకు రా. నాకు ఇంకో చేను ఉండాది."

"పో. నిన్ను ఎవరు పట్టుకున్నారు?"

"మీ వాడు పిలిస్తేనే వస్తిని గదా. తండ్రీకొడుకులు మాట్లాడుకోకుండా బండిని పిలిస్తే ఎట్లప్పా?"

"మాట్లాడుకునే ఇల్లయితే బండి యాల వస్తాది?"

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. రఫీక్ అవతల వేపచెట్టు కింద నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఫోనులో ఏమీ లేదని నాకు తెలుసు.

ఈ బీడు మా చేనుకూ వంకకూ మధ్య ఉంటుంది. వెడల్పు ఎడ్లబండి తిరిగేంత. పొడవు చేను పొడవంతా. రేగుపొదలు, తంగేడు, రెండు కానుగ చెట్లు, తొర్ర పడిన ముసలి తుమ్మ ఒకటి. మా నాయన దీన్ని దున్నలేదు. దున్నితే వంక పారిన ఏడు నల్లమట్టి కోసుకుపోతుందని ఆయనకు తెలుసు. నేనూ దున్నలేదు. ఖాతూన్ కాపురానికి వచ్చాక దాని పక్కనే ఉల్లి విత్తనం పెట్టడం మొదలుపెట్టింది. ఉల్లిగడ్డ నాటితే కాడ లేచి, తెల్లగా గుండ్రంగా పూత వస్తుంది. పూత మీద తేనెటీగ వాలితే గింజ కడుతుంది. వాలకపోతే తాలు. తేనెటీగలు తుమ్మతొర్రలో ఉండేవి. కౌజులు రేగుపొదల కింద పిల్లలు చేసేవి. కందికి పచ్చపురుగు పడినప్పుడు పక్క చేలవాళ్లు మందు డబ్బాలు మోస్తుంటే మా చేలో పిట్టలు దిగేవి. మందు మేమూ కొట్టాం. తక్కువ కొట్టాం. అంతే తేడా. అంతకంటే గొప్ప చెప్పుకోను.

పోయిన నెల నేనూ వాడూ నేల పంచుకున్నప్పుడు బీడు రఫీక్ వాటాలోకి పోయింది. కాబట్టి జేసీబీని ఆపే హక్కు నాకు లేదు. ఉన్నది కూర్చునే ఒళ్లు మాత్రమే.

పక్క చేను సోమప్ప గట్టెక్కి వచ్చాడు. ఊళ్లో ఏ గలాటా జరిగినా మొదట వచ్చేది వాడే.

"ఏం ఉస్మానన్నా, ఆ జేసీబీ తొట్టిలో కూర్చుంటే ఎమ్మిగనూరు దాకా తిప్పి తెస్తాడేమో అడుగు."

"నీ పని చూసుకో సోమప్పా."

"నా పని ఈడనే ఉండాది. నా ఉల్లి పూత మీదుంది." వాడు వేపచెట్టు వైపు తిరిగాడు. "రఫీకూ, ఒక్క నెల ఆగరాదా? నా గింజ కట్టేదాకా. మీ బీడులో తేనెటీగ లేకుంటే నా పూత సిగలో పెట్టుకునేదానికి గూడా పనికి రాదు."

రఫీక్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అన్నా, నీ గట్టు నువ్వు ఎప్పుడో దున్నుకుంటివి. మా గట్టు మీద నీకు ఈగలు కావాల్నా?"

"నాకు బుద్ధి లేక దున్నినా. నీకుండాది గదా అని అడుగుతాండా."

"నాకు బిడ్డ ఉండాది. బుద్ధి తర్వాత."

సోమప్ప గట్టు మీద ఒక పక్కకు జరిగాడు.

రఫీక్ చెప్పింది అబద్ధం కాదు. వాడి కూతురు అల్మాస్‌కు మొన్న బీడు పక్కన కళ్లం దగ్గర పాము కుబుసం దొరికింది. పిల్లకు అదేమిటో తెలియదు. జడకు కట్టే రిబ్బను అనుకుని ఇంటికి తెచ్చి తల్లి యాస్మిన్ ఒళ్లో పెట్టింది. యాస్మిన్ కేక కూడా వేయలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ పొద్దు నుంచి ఆమె సరిగా తినడం లేదు, పిల్లను కిందికి దించడం లేదు. రఫీక్ నాతో ఒక్క మాట అనకుండా పోయి జేసీబీ మాట్లాడుకుని వచ్చాడు.

వాడు నా దగ్గరికి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"అబ్బా, లెయ్. ఊరంతా చూస్తాండారు."

"చూడనీ."

"కుబుసం నువ్వూ చూసినావు గదా."

"చూసినా. అది జెర్రిపోతుది. ఎలకల్ని తినేది. అది పోతే నీ కందులు ఎవరు కాస్తారు, నువ్వు కాస్తావా?"

"నీకు ఏ పామైనా సుట్టమే. అమ్మను కరిచింది గూడా ఈ బీడులోదే."

"బీడులోదే. బీడులో ఉన్నన్నాళ్లు అది ఎవర్నీ కరవలే. దాన్ని కళ్లంలోకి తోలింది నువ్వు."

ఈ మాట నేను ఎన్నిసార్లు అన్నా వాడు తల దించుకుని పోయేవాడు. అన్నం ముందు అంటే చెయ్యి కడుక్కుని లేచేవాడు. పండగపూట అంటే చెప్పులు వేసుకుని బయటికి పోయేవాడు. ఈ రోజు పోలేదు.

"అవును, నేనే పెట్టినా." గొంతు పెంచాడు. ఆంజనేయులు అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. "నాలుగేండ్లు పడినా గదా. ఇంకా ఎన్నేండ్లు పడాల? ఊరంతా కాల్చినట్లే నేనూ కాల్చినా. సాలు తోలి, పొదలు తట్టి, చేను దిక్కు నుంచే నిప్పు పెట్టినా. నువ్వు నేర్పినట్లే పెట్టినా. పొద్దున్నే పెట్టి ఆదోనికి పోయినా. పాము కందికట్టె వామిలోకి వస్తాదని నేను కల గన్నానా?"

సోమప్ప ఏదో అనబోయి ఆగాడు.

నేను వాడి ముఖం చూశాను. చేను దిక్కు నుంచి అన్నాడు.

బీడు గానీ గట్టు గానీ కాల్చేటప్పుడు మా వైపు ఒక పద్ధతి ఉంది. ముందు చేను అంచున నాగలితో ఒక సాలు తోలాలి, మంట దాటకుండా. తర్వాత కట్టెతో పొదలన్నీ తట్టుకుంటూ పోవాలి. నిప్పు చేను వైపు నుంచి పెట్టాలి, వంక వైపు వదిలేయాలి. లోపల ప్రాణమున్నదంతా నీళ్ల వైపు పారిపోతుంది. గాలి వచ్చే వంక వైపు నుంచి పెడితే మంట తొందరగా పాకుతుంది, పని తొందరగా అవుతుంది. కాని పాము, తేలు, ముంగిస, కౌజుపిల్ల, ఏదైనా సరే మనుషులున్న వైపే వస్తుంది. ఇది రఫీక్‌కు నేను వాడి పదేళ్లప్పుడు నేర్పాను. మరిచిపోయే రకం కాదు వాడు.

ఖాతూన్‌ను మట్టిలో పెట్టిన మూడో రోజు నేను బీడుకు వచ్చాను. నాకు బాగా గుర్తుంది. వంక అంచున మొదళ్లతో సహా కాలి బూడిద. చేను అంచున సగం కాలిన తంగేడు. ఆ కొమ్మలకు వంక వైపు ముఖం మాత్రమే నల్లగా ఉంది. సాలు లేదు. ఎవరూ తోలలేదు. తొందరలో తలతిక్కగా పెట్టిపోయాడు అనుకున్నాను. వాడిని అనడానికి నాకు అది ఇంకా బలం ఇచ్చింది. ఏ వైపు నుంచి పెట్టావు అని వాడిని ఎన్నడూ అడగలేదు. అడిగే పని ఏముంది, నాకు తెలుసు కదా అనుకున్నాను.

ఇప్పుడు వాడు తడుముకోకుండా చెబుతున్నాడు. చేను దిక్కు నుంచి పెట్టానని, సాలు తోలానని. కాలిన బీడును వాడు సరిగా చూసినట్టు కూడా లేదు. తాను పెట్టి ఉంటే ఎలా పెట్టేవాడో అది చెబుతున్నాడు.

ఆ రోజు నేను ఎమ్మిగనూరులో ఎద్దు బేరం చూడడానికి పోయాను. రఫీక్ ఆదోనిలో పత్తి వేయడానికి పోయాడు. చేలో ఉన్నది ఇద్దరు. ఖాతూన్, యాస్మిన్. ఖాతూన్ ఆ బీడుకు నిప్పు పెట్టేది కాదు, వంక వైపు నుంచి అసలే పెట్టేది కాదు.

నేను లేచాను. మోకాలు పట్టింది. రఫీక్ చెయ్యి ఇవ్వబోయాడు. నేను పట్టుకోలేదు.

"ఆంజనేయులూ, బువ్వ తిని రా పో. బండి ఈడనే పెట్టు. నేనొచ్చేదాకా ముట్టకు."

"మళ్లా అడ్డం కూర్చుంటావేమప్పా?"

"కూర్చునేదుంటే ఇప్పుడు లేస్తానా?"

"యాడికి అబ్బా?" అన్నాడు రఫీక్.

"ఇంటికి."

వాడి ముఖం మారింది. నేను కొట్టినా, తిట్టినా అలా మారి ఉండేది కాదు. నా వెనకే రెండడుగులు వేశాడు. "నేనూ వస్తా."

"నువ్వు బండి కాడ ఉండు."

*

యాస్మిన్ ఇంటి ముందు వసారాలో జొన్నలు చెరుగుతోంది. ఆదోని పిల్ల. తండ్రి ఒక పత్తి మిల్లులో గుమాస్తా. కాపురానికి వచ్చేదాకా ఆమె కాలికి నల్లమట్టి అంటలేదు. వచ్చిన ఏడాదిలోనే కలుపు తీయడం, ఉల్లి కోయడం నేర్చుకుంది. పని దొంగ అని నేను ఎన్నడూ అనలేదు. అనాల్సి వస్తే అనేవాడినే. అల్మాస్ ఆమె కొంగు పట్టుకుని పక్కనే నిద్రపోతోంది.

నన్ను చూసి చేట కింద పెట్టి, తల మీద కొంగు సర్దుకుంది.

"అయిపోయిందా మామా?"

"ఏంది?"

"బీడు."

"ఇంకా ల్యాదు."

నేను ఎదురుగా మంచం మీద కూర్చున్నాను. ఆమె లోపలికి పోయి నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. తాగాను. చెంబు తీసుకోబోయింది. నేను వదల్లేదు.

"నిప్పు ఏ దిక్కు నుంచి పెట్టినావు?"

ఆమె చెయ్యి చెంబు మీదే ఉండిపోయింది. నేను చూస్తూ ఉన్నాను. ఏం నిప్పు అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

"ఆయన చెప్పినాడా?"

"వానికి తెల్దు చెప్పేదానికి. నేను అడిగింది సెప్పు."

వీధిలో ఎవరో ట్రాక్టరు వెనక్కి తీస్తున్నారు. ఆ మోత ఆగాక అంది.

"వంక దిక్కు నుంచి."

"యాల?"

"గాలి ఆ దిక్కు నుంచి వస్తాండె. గాలి ఎట్ల పోతే మంట అట్లనే పోతాది గదా, తొందరగా అయిపోతాదనుకున్నా." ఆమె కింద కూర్చుంది. కూలబడడం కాదు, పనికి కూర్చున్నట్టు కూర్చుంది. "ఆ పొద్దు చేలో నీళ్ల కుండ కాడ పాము కనపడింది మామా. పొడలు పొడలుగా. నాకు ఏడో నెల. అత్తమ్మ చూసి, దాన్ని ఏమనొద్దు, పోతాదిలే అనింది. పోయింది. బీడులోకి. నాకు మాత్రం మళ్లా వస్తాదని భయం. అత్తమ్మ ఉల్లికి నీళ్లు కట్టేదానికి అటు పోతానే నేను అగ్గిపెట్టె తీసుకున్నా."

"ఆమె చూసిందా?"

"పొగ చూసి పరిగెత్తుకోని వచ్చింది. ఆ దిక్కు నుంచి కాదే పిల్లా, ఆ దిక్కు నుంచి కాదే అని ఒకటే అరుపు. నాకు అర్థం కాలే. ఆ దిక్కు అయితే ఏంది, ఈ దిక్కు అయితే ఏంది అనుకున్నా. ఆర్పేదానికి కొంగుతో కొట్టింది. తుమ్మతొర్ర కాడ ఈగలు రాలిపోతాంటే ఆడనే నిలబడి చూసింది. నన్ను ఒక్క మాట అనలే. పొద్దు గూకేముందు పొయ్యిలోకి కందికట్టె తెస్తానని వామి కాడికి పోయింది."

ఆ తర్వాత నాకు తెలుసు. కట్టె లాగినప్పుడు రక్తపింజరి చేతి మీద కరిచింది. ఆదోని ఆసుపత్రికి నేను పోయేసరికి ఆమెకు మాట పడిపోయింది.

"మరి వాడు యాల మోసినాడు నీ తప్పు?"

యాస్మిన్ తల ఎత్తి నన్ను చూసింది. ఇన్నేళ్లలో ఆమె నా ముఖం నేరుగా చూసింది అప్పుడే.

"అత్తమ్మ మోయమనింది."

నేను చెంబు కింద పెట్టాను.

"ఆటోలో నా ఒళ్లోనే ఉండె. మాట బాగానే వస్తాండె అప్పటికి. మీ మామకు చెప్పొద్దు అనింది. ఆ మనిషి మర్చిపోడు, కడుపుతో ఉండేదానివి, నిన్ను ఈ ఇంట్లో నిలవనీడు అనింది. రఫీక్ పెట్టినాడని చెప్పండి, కొడుకునైతే తిడతాడు గానీ ఎల్లగొట్టడు అనింది. ఆసుపత్రి వాకిట్లో మీ కొడుకు ఎదురొస్తే ఆయనకూ అదే చెప్పింది. చెయ్యి మీద చెయ్యి వేయించుకునింది."

అల్మాస్ నిద్రలో కదిలింది. యాస్మిన్ జో కొట్టింది.

ఖాతూన్ నాతో ముప్పయి ఏళ్లకు పైగా కాపురం చేసింది. ఒళ్లంతా విషం ఎక్కుతున్నప్పుడు ఆమె భయపడింది పాముకు కాదు. నాకు.

"ఆటో తోలింది ఎవరు?"

"సోమప్పన్న."

అంటే సోమప్పకు తెలుసు. సోమప్పకు తెలిస్తే వాడి పెళ్లాం ఉచ్చీరమ్మకు తెలుసు. ఉచ్చీరమ్మకు తెలిస్తే మా వీధి ఆడవాళ్లందరికీ తెలుసు. నేను టీ అంగడి ముందు నిలబడి నా కొడుకును అంటున్నప్పుడు అందరూ గ్లాసుల్లోకి చూస్తూ ఉండేవాళ్లు. నా బాధకు నోరు మెదపలేకపోతున్నారని అనుకునేవాడిని.

బయట బండి ఆగింది. రఫీక్ మోటారు సైకిలు స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. మా ఇద్దరినీ చూశాడు. అడగాల్సిన పని లేకపోయింది.

"చెప్పినావా?" అన్నాడు ఆమెతో.

"మామే అడిగినాడు. నేను అబద్ధం చెప్పలే."

"నాలుగేండ్లు నేను చెప్పినాను గదా. ఇంకొక పూట నువ్వు చెప్పలేకపోతివా?"

"లేకపోతిని."

వాడు నా వైపు తిరిగాడు. "అబ్బా, అనేదుంటే నన్ను అను. నాకు అలవాటయింది. ఆమెను ఒక్క మాట అంటే ఈ పొద్దే ఆదోనికి పోతాం. పిల్లను గూడా తీసుకోని పోతాం."

"నేను ఏమన్నా అన్నానా?"

"అనలేదు. అదే నాకు భయం."

నేను వాడిని చూశాను. ముప్పయి రెండేళ్లవాడు. చెవుల దగ్గర నెరిసింది. ఎప్పుడు నెరిసిందో నేను చూడలేదు.

"జేసీబీ ఎవరి మాట? నీదా, ఆమెదా?"

యాస్మిన్ పలికింది.

"నాదే మామా. ఆ బీడు మళ్లా చిగురు పెట్టినప్పుడల్లా నాకు ఆ పొగే కనపడతాది. ఈ ఏడు తుమ్మతొర్రలోకి ఈగలు మళ్లీ వచ్చినాయని మీరు చెప్పినారు చూడు, ఆ పొద్దు మీరు నవ్వినారు. నేను లోపలికి పోయి ఏడ్చినా. కుబుసం ఒక సాకు. పిల్ల భయం నిజమే. కానీ ఆ జాగా లేకుంటే నేను ఆ దిక్కు చూడాల్సిన పని ల్యాదు గదా అనుకున్నా."

ఆ పొద్దు నేను నవ్వానని నాకు గుర్తు లేదు.

ఈగలు రావడానికి మూడేళ్లు పట్టింది. మంట పడిన ఏడు ఖాతూన్ నాటిన ఉల్లికి పూత వచ్చింది, గింజ రాలేదు. పట్టుకుంటే గుల్లగా నలిగింది. మరుసటి ఏడూ అంతే. కౌజు పిల్లలు చేయలేదు. ఎలకలు కందులు కుప్పలోనే తిన్నాయి. నేను వంక ఇసకలో రేగుగింజ చల్లుకుంటూ తిరిగాను. తంగేడు మొదళ్లకు నీళ్లు పోశాను. ఊళ్లో నాకు పిచ్చి అన్నారు. ఖాతూన్ మీద ప్రేమ అన్నవాళ్లూ ఉన్నారు. రెండూ కాదు. అది చేనుకు కావాలి. చేను చేసేవాడికి అది తెలియాలి.

"రఫీక్."

"చెప్పు."

"బీడు నీ వాటాలో ఉండాది. తవ్వితే తవ్వచ్చు. నేను అడ్డం కూర్చోను."

వాడు నమ్మలేదు. "ఇంకా?"

"తవ్వకుండా ఉంటే, ఆ నిప్పు మాట నేను ఎత్తను. నీ కాడ ఎత్తను, ఆమె కాడ ఎత్తను, టీ అంగడి కాడ ఎత్తను. ఎవరు పెట్టినారు, యాడ పెట్టినారు, ఏమీ ల్యాదు."

"ఎత్తనంటే?"

"ఎత్తనంటే ఎత్తను."

"పిల్ల సంగతి?"

"కళ్లం జరుపుతా. ఈ ఇంటికి ఇటు దిక్కు కొత్త కళ్లం తొక్కుదాం. వామి గూడా ఈడికే. బీడుకూ చేనుకూ నడుమ గుంటక తోలి గడ్డి లేకుండా బోడిగా పెడదాం. పాము బోడి నేల మీద రాదు, దానికీ భయమే. పిల్లకు చెప్పులు కొను. వట్టికాళ్లతో ఇడిచిపెట్టి నేలను తిడితే నేల ఏం చేసేది."

రఫీక్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. యాస్మిన్‌ను చూశాడు. ఆమె తల వంచుకుని ఉంది. వాడు జేబులో నుంచి ఫోను తీశాడు.

"ఆంజనేయులన్నా. ఆ... బండి తీసుకోని పో. లేదప్పా, తవ్వేది ల్యాదు. నీ బాడుగ నీకిస్తాలే. ఏమయిందా? ఏమీ కాలే. తీసుకోని పో."

అవతల వాడేదో జోకు వేసినట్టున్నాడు. రఫీక్ నవ్వలేదు. ఫోను పెట్టేశాడు.

బీడు నిలబడింది. నాకు కావాల్సింది అదే. నేను లేచి కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోబోయాను.

"మామా."

ఆగాను.

యాస్మిన్ లేచి నిలబడింది. "నన్ను తిట్టండి."

"ఏంది?"

"నాలుగేండ్లు ఆయన్ను తిట్టినారు గదా. ఒక్క పొద్దు నన్ను తిట్టండి. కూర్చోబెట్టి తిట్టండి. ఊర్లో అందరి ముందరా తిట్టినా పడతా."

"యాస్మిన్, ఊరుకో," అన్నాడు రఫీక్.

"నువ్వు ఊరుకో. తిట్టించుకున్నోనివి నువ్వు. తిట్టించుకోకుండా మోసే బరువు నీకు తెల్దు." ఆమె నా వైపు ఒక అడుగు వేసింది. "మామా, ఆయన్ను మీరు తిట్టినప్పుడల్లా నేను లోపల నిలబడి విన్నా. ప్రతి మాటా నాకే తగిలింది. ఇప్పుడు మీరు ఆ మాటే ఎత్తనంటాండారు. నేను యాడ పెట్టుకోవాల దాన్ని? మీరు తిడితే ఏదో ఒకనాటికి అయిపోతాది. మీరు ఎత్తకుంటే అది ఎట్ల అయిపోతాది?"

నేను ఆమెను చూశాను. నా నోట మాటలు ఉన్నాయి. నాలుగేళ్లుగా కూడబెట్టినవి, రఫీక్ మీద అరిగిపోయినవి. ఇప్పుడు కొత్త చోటు దొరికితే కొత్తగా పదునెక్కేవి. అవి ఆమెకు తెలుసు. అవే అడుగుతోంది.

"మాట అయిపోయింది," అన్నాను.

"మామా."

"బీడు ఉంటే నేను మాట్లాడనంటి. బీడు ఉండాది."

"అత్తమ్మ మిమ్మల్ని గురించి సరిగ్గానే చెప్పింది," అంది యాస్మిన్. మెల్లగా అంది. తిట్టినట్టు కూడా లేదు.

రఫీక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేను పెరట్లోకి పోయాను. కాళ్లు కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె కంచంలో జొన్నరొట్టె, పప్పు పెట్టి మంచం దగ్గర ఉంచి, తలుపు పక్కన నిలబడి ఉంది. ఎప్పుడూ లోపలికి పోయేది. ఈ పూట పోలేదు.

నేను తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. అదీ అనలేదు.

తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజం మీద వేసుకున్నాను. ఆమె ఇంకా నిలబడే ఉంది. నా నోటి వైపు చూస్తోంది.

ఆ నిప్పు సంగతి ఇంతటితో సరి. నా నోట మళ్లీ రాదు. ఆమె కాళ్లు పట్టుకుని అడిగినా రాదు.